నలభై ఒక్క సైటేషన్లు

నాకు జరిగిన సన్మానం గురించి చెబుతాను. జీవితంలో ఒక్కటే జరిగింది కాబట్టి ఏదని అడగక్కర్లేదు. శాలువా నా భుజం మీద పడిన పావుగంటకు నా పరిశోధన మొత్తం నేలమీద పడింది. ఆ చప్పుడు విన్నవాళ్ళు విజయనగరంలో ఇప్పటికీ ఉన్నారు. వాళ్ళలో కొందరు కూరగాయల మార్కెట్లో నాకు ఎదురైతే నవ్వు ఆపుకోలేక, వంకాయల్లో పుచ్చులు వెతుకుతున్నట్టు తల వంచేసుకుంటారు.

అప్పటికి నాకు ముప్పై రెండేళ్ళు. శ్రీకాకుళం జిల్లాలో ఒక వైద్య కళాశాలలో, చర్మవ్యాధుల విభాగంలో అసిస్టెంట్ ప్రొఫెసరుగా ఉండేదాన్ని. పొద్దున రోగుల్ని చూడటం, మధ్యాహ్నం పాఠం చెప్పడం, ఈ రెంటి మధ్యా ఎక్కడ ఖాళీ దొరికినా ఫోన్ తీసి నా సైటేషన్లు చూసుకోవడం. ఇదీ నా దినచర్య.

సైటేషన్ అంటే ఏమిటో తెలియని అదృష్టవంతుల కోసం చెబుతున్నాను. మీరొక పరిశోధన వ్యాసం రాస్తారు. ప్రపంచంలో ఎక్కడో ఇంకొకరు తమ వ్యాసం రాస్తూ మీ వ్యాసాన్ని ప్రస్తావిస్తారు. అదొక సైటేషన్. ఇలా ప్రస్తావించినవాళ్ళ సంఖ్యను ఒక వెబ్ పేజీ లెక్కగట్టి మీ పేరు పక్కన చూపిస్తుంది. ఉద్యోగాల్లో, ప్రమోషన్లలో ఆ అంకెకే విలువ. రక్తపోటు ఉన్నవాళ్ళు రోజుకోసారి మిషన్ పెట్టి చూసుకుంటారు. నేను గంటకోసారి ఆ పేజీ చూసుకునేదాన్ని. నా రక్తపోటు కూడా అక్కడే ఉండేది.

నాకు అచ్చయిన వ్యాసాలు ఆరు. అందులో అయిదింటిని ప్రపంచం హాయిగా పట్టించుకోలేదు. ఒకదాన్ని రాసిన నేనే ప్రస్తావించుకున్నాను. ఆరోది మాత్రం పరుగందుకుంది. దాని సంగతే ఈ కథ.

మా ఆసుపత్రికి సముద్రం ఒడ్డు పల్లెల నుంచి చేతుల మీద దద్దుర్లతో చేపలవాళ్ళు వచ్చేవారు. అరచేతులు ఎర్రగా పొంగి, వేళ్ళ సందుల్లో పగిలి, ఉప్పునీళ్ళు తగిలితే మంటతో ఎగిరిపడేవారు. వలలకూ తాళ్ళకూ అంటుకుని వచ్చే జెల్లీ చేపల తునకల వల్ల అది వస్తుందని మాకు అర్థమైంది. అయితే పని మొదలుపెట్టిన ఎంతకాలానికి వస్తుంది? ఆ సంగతి ఎవరూ రాయలేదు. నేను రాద్దామనుకున్నాను.

అలాంటి పల్లెల్లో ఒకటైన తన ఊరికి నన్ను తీసుకెళ్ళింది ఎర్రమ్మ. మా ఆసుపత్రి గేటు దగ్గర చేపలమ్మేది. యాభై ఏళ్ళ మనిషి, నోరు పెద్దది, మనసు ఇంకా పెద్దది. ఆమె భర్త సోమయ్య నాటు పడవ మీద వేటకు వెళతాడు. ఆయన ఎంత తక్కువ మాట్లాడతాడంటే, ఎర్రమ్మ ఆయన తరఫున కూడా మాట్లాడి ఇద్దరి వాటా పూర్తిచేస్తుంది. ఆ దంపతులు నన్ను ఇంటింటికీ తిప్పారు. ప్రతి గుమ్మంలోనూ ఎర్రమ్మ నన్ను పరిచయం చేసేది, చేతులు చూపించమనేది, చూపించడానికి సిగ్గుపడిన మగవాళ్ళను నాలుగు తిట్టి మరీ చూపింపజేసేది.

నేను ఫారాలు చేతిలో పట్టుకుని, మా నాన్న నేర్పిన తెలుగులో, "మీరు ఈ పనిలోకి దిగిన తరువాత దద్దుర్లు ఎప్పుడు ప్రారంభమయ్యాయి?" అని అడిగేదాన్ని.

మా నాన్న విజయనగరంలో రిటైరైన తెలుగు పండితులు. ఇంట్లో చిన్నప్పటి నుంచి వ్యాకరణం తిని, ఛందస్సు తాగి పెరిగాను. కాబట్టి తెలుగులో నాకు తెలియని మాట ఉంటుందన్న అనుమానం నాకు ఏనాడూ రాలేదు.

అడిగినవాళ్ళందరూ దాదాపు ఒకే జవాబు చెప్పారు. "మూడో ఏటకి వొచ్చీసినాయమ్మా." కొందరు నాలుగో ఏట అన్నారు. ఒకాయన రెండో ఏటకే వచ్చేశాయన్నాడు. నేను వరసగా ఫారాల్లో మూడు సంవత్సరాలు, నాలుగు సంవత్సరాలు, రెండు సంవత్సరాలు అని నింపుకుంటూ పోయాను. పల్లె పల్లెంతా ఒకే మాట చెబుతుంటే ఫలితం ఎంత గట్టిదో అని మురిసిపోయాను కూడా.

వ్యాసం రాశాను. మామూలుగా రాసి ఊరుకుంటే బాగుండేది. ఈ మూడేళ్ళు ఎందుకు పడుతున్నాయో వివరించడానికి ఒక సిద్ధాంతం కట్టాను. శరీరం మొదటి సంవత్సరం సహిస్తుందట, రెండో సంవత్సరం గుర్తుపెట్టుకుంటుందట, మూడో సంవత్సరం తిరగబడుతుందట. నాలుగు పేజీలు. చదివిన మా హెడ్ మేడమ్, రాజాం నుంచి రోజూ బస్సులో వచ్చే గట్టి మనిషి, "చర్మం గురించి రాశావా, కోడలి గురించి రాశావా?" అని అడిగారు. కొంత తగ్గించమన్నారు. అర పేజీ తగ్గించాను.

వ్యాసం అచ్చయింది. దాన్ని చూసి ఒక స్వచ్ఛంద సంస్థవారు పల్లెలో రబ్బరు తొడుగులు పంచుతామని వచ్చారు. ఎవరికి ఇవ్వాలని నన్ను అడిగారు. వ్యాసం ప్రకారం, రెండేళ్ళు దాటినవారికి ఇస్తే చాలని చెప్పాను. ఆ మాట గుర్తుంచుకోండి. నవ్వులాటలో ఇదొక్కటీ నవ్వులాట కాదు.

ఆ తరువాత సైటేషన్లు రావడం మొదలైంది. మొదటి ఏడాది నాలుగు. రెండో ఏడాది పద్నాలుగు. ఫోన్ టింగుమన్నప్పుడల్లా నా గుండె కూడా టింగుమనేది. నలభై ఒకటి చేరిన రోజున విభాగంలో కోవా పంచాను.

ఇక్కడ మీరొక ప్రశ్న అడగవచ్చు. ఆ నలభై ఒక్కమందీ నా గురించి ఏం రాశారని. మా హెడ్ మేడమ్ కూడా కోవా నోట్లో వేసుకుంటూ అదే అడిగారు. చూశాను మేడమ్ అన్నాను. అది అబద్ధం కాదు. అంకె చూశాను. పెళ్ళి శుభలేఖలో తమ పేరుందో లేదో చూసుకుని, పెళ్ళి ఎవరిదో చూడకుండా దాచిపెట్టే మనుషులుంటారు చూడండి, నేను ఆ రకం.

ఈ నలభై ఒకటి సంగతి ఫోన్లో నాన్నకు చెప్పాను. సైటేషన్ అంటే ఏమిటని ఆయన అడిగారు. ఇతరులు మన మాటను తమ గ్రంథంలో ఎత్తి చూపడం అన్నాను. "అంటే ఉటంకింపు. ప్రమాణంగా స్వీకరించారన్నమాట" అన్నారు ఆయన. అవునన్నాను. అంతే. మర్నాటికి ఆయనతో పొద్దున్నే నడిచే మిత్రబృందం మొత్తానికి, నా మాటను నలభై ఒక్క దేశాలు ప్రమాణంగా స్వీకరించాయని తెలిసిపోయింది. దేశాలు కాదు నాన్నా, వ్యాసాలు అని నేను సవరించేలోపు ఆ మిత్రులకు ఒక సాహిత్య సంఘం ఉండటం, ఆ సంఘానికి ఆ నెల సన్మానించడానికి ఎవరూ దొరక్కపోవడం జరిగిపోయాయి.

సభ ఒక ఆదివారం సాయంత్రం. సంగీతం నేర్పే ఒక బడి హాలు. మూలన నాలుగు వీణలు గుడ్డలు కప్పుకుని కూర్చున్నాయి. వచ్చినవాళ్ళు అరవై మంది ఉంటారు. నాన్న పొందూరు పంచె, పొందూరు ఉత్తరీయం వేసుకుని, పెళ్ళికూతురి తండ్రిలా గుమ్మంలో నిలబడి ప్రతివారినీ లోపలికి రమ్మంటున్నారు. అక్కడివరకూ అంతా బాగానే ఉంది. నేను చేసిన ఒకే ఒక్క మంచిపని నా కొంప ముంచింది. పరిశోధనకు సాయం చేసిన వాళ్ళను మరిచిపోకూడదని ఎర్రమ్మనూ సోమయ్యనూ పిలిచాను. పట్టుచీర కట్టుకుని ఎర్రమ్మ, ఇస్త్రీ చొక్కాలో బిగుసుకుపోయి సోమయ్య, మొదటి వరసలో మా హెడ్ మేడమ్ పక్కన కూర్చున్నారు.

శాలువా కప్పారు. నా గురించి ఒకరు పద్యం కూడా చదివారు. అందులో సుశ్రుతుడికీ నాకూ పెద్ద తేడా ఏమీ కనబడలేదు. తరువాత నన్ను మాట్లాడమన్నారు. మందుల పేర్లతో జనాన్ని విసిగించకూడదని, నా పరిశోధన సారాన్ని తేలిక తెలుగులో చెప్పడం మొదలుపెట్టాను. వేటకు దిగిన మనిషికి ఒక సంవత్సరం ఏమీ కాదు, రెండు సంవత్సరాలు ఏమీ కాదు, సరిగ్గా మూడు సంవత్సరాలకు దద్దుర్లు వస్తాయి, ఇది ప్రపంచంలో మొట్టమొదట కనిపెట్టింది మనమే అన్నాను. చప్పట్లు కొట్టారు.

చప్పట్లు ఆగాక మొదటి వరసలో సోమయ్య భార్య చెవిలో ఏదో అన్నాడు. ఎర్రమ్మ కాదన్నట్టు తల ఊపింది. ఆయన మళ్ళీ అన్నాడు. ఆమె లేచి నిలబడింది.

"డాక్టరమ్మా, మూడు సంవత్సరాలని ఎవులు సెప్పినారు నీకు?" అంది.

నేను చిరునవ్వుతో, మీరే చెప్పారు కదా ఎర్రమ్మా, ఊరంతా చెప్పారు, సోమయ్య గారు కూడా మూడో ఏట అన్నారు అని జవాబిచ్చాను.

"అవునమ్మా, మూడో ఏట. ఏట అంటే ఏటి?"

"ఏట అంటే సంవత్సరం."

"సంవత్సరం కాదు తల్లీ. ఏట. సముద్దరం మీదకి ఎల్లే ఏట. ఎండాకాలం నిషేదం తీసీసినాక మొదటిపాలి ఎల్తే ఒక ఏట, రెండోపాలి ఎల్తే రెండో ఏట. మంగళారం దిగితే గురారం నాటికి సేతులు పొంగిపోతాయి. మూడు సంవత్సరాలు ఆగడానికి అదేటి, సీటీపాట కట్టినామా?"

వేట. వాళ్ళు వేటను ఏట అంటారని నాకు తెలియక కాదు. 'ఏటకెళ్ళాడమ్మా' అన్న మాట ఆ పల్లెలో వందసార్లు విన్నాను. వింటే ఏం లాభం. 'మూడో ఏట' అని వినబడగానే నా చెవిలో కూర్చున్న పండితుడు లేచి, సంవత్సరమనే అర్థంలో ఏడు అన్న మాటకు ఏట అని రూపం వస్తుంది, అయిదో ఏట అక్షరాభ్యాసం, పదహారో ఏట యౌవనం అని వల్లించేశాడు. మూడు రోజుల్లో వచ్చే దద్దుర్లను నేను మూడేళ్ళకు వాయిదా వేశాను. దానికి నాలుగు పేజీల సిద్ధాంతం. సరే, మూడున్నర.

ఎర్రమ్మకు తన మాట ఏం చేసిందో అర్థంకాలేదు. నా మొహం చూసి జాలిపడి, "పోన్లేమ్మా, మిగతాదంతా బాగానే సెప్పినావు" అని కూర్చుంది. అప్పుడు వెనక వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. ఆ తరువాత నవ్వు వరసలు దాటుకుంటూ ముందుకొచ్చింది. పద్యం చదివినాయన కూడా నవ్వాడు. హెడ్ మేడమ్ పవిటచెంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. మా నాన్న ఒక్కరే నవ్వలేదు. ఉత్తరీయం సవరించుకుంటూ నేలవైపు చూస్తున్నారు. ఆ రోజు నాకు గుచ్చుకున్నది ఆ చూపే.

మర్నాడు సెలవు పెట్టి, మొదటిసారిగా ఆ నలభై ఒక్క వ్యాసాలూ తెరిచాను. ఒక వ్యాసంలో, మా రోగులకు నాలుగు రోజుల్లో దద్దుర్లు రాగా ఫలానా రచయిత్రి మూడేళ్ళు అంటున్నారు, కారణం బోధపడలేదు అని ఉంది. ఇంకొకటి, ఈ ఫలితాన్ని మేము మూడుచోట్ల వెతికినా కనబడలేదు అంది. పరిశోధన ఎలా చేయకూడదో విద్యార్థులకు చెప్పే వ్యాసంలో నాకొక పేరా కేటాయించారు. అందరికంటే మంచివాడు దూరదేశపు పెద్దమనిషి ఒకరు. సాటి పరిశోధకురాలిని తప్పుపట్టలేక, ఆ తీరంలోని మత్స్యకారుల చర్మంలో ఇంకెక్కడా లేని విశేషమేదో ఉండవచ్చనీ, దాన్ని విడిగా పరిశోధించాలనీ రాశాడు. సోమయ్య చేతులు ప్రపంచ వింతగా మారే ప్రమాదం అంచున ఉన్నాయి.

నలభై ఒకటిలో నన్ను మెచ్చుకున్నది ఒక్కటే. అది నేను రాసిందే.

మధ్యాహ్నం బస్సెక్కి పల్లెకు వెళ్ళాను. ఎర్రమ్మకు క్షమాపణ చెబుదామని వెళ్ళానుగానీ, అసలు విషయం అక్కడ తెలిసింది. ఆమె అల్లుడు సముద్రం లేని ఊరివాడు, పెళ్ళయ్యాకే కొత్తగా సముద్రం పని నేర్చుకుంటున్నాడు. తొడుగులు పంచినప్పుడు రెండేళ్ళు దాటలేదని అతనికి ఇవ్వలేదు. మూడో వేటకే చేతులు పొంగి, పగిలి, చీము పట్టి, నెలరోజులు అన్నం ముద్ద కూడా భార్యే తినిపించిందట. ఇప్పుడు తగ్గింది. అరచేతుల్లో మచ్చలు చూపించాడు.

మరి నాతో ఒక్క మాటైనా చెప్పలేదేమని ఎర్రమ్మను అడిగాను.

"రూలేమో అనుకున్నాం. మీరు పెద్ద సదువులోలు, ఊరికే రాస్తారేటి అనుకున్నాం" అంది.

ఆ గడపలో కూర్చుని ఏడ్చాను. ఎర్రమ్మ వీపు నిమిరింది. సోమయ్య మాత్రం ఆ సంవత్సరంలో ఆయన నాతో మాట్లాడిన అతి పొడవైన వాక్యం మాట్లాడాడు.

"ఏడిస్తే కాగితం మారదు. మళ్ళీ అడుగుదాం రండి. ఈసారి నానడుగుతాను, మీరు రాయండి."

అలాగే చేశాం. ఆయన అడిగిన తీరు చూసి నాకు తల తిరిగింది. దద్దుర్లు ఎప్పుడొచ్చాయని అడగలేదు. వేసవి వేట నిషేధం తీశాక ఏ పడవ ఎక్కావు, తొలి వేటలో ఎన్ని వలలు లాగావు, వలలో ఏం పడింది, ఎన్నో వేటలో తాడు పట్టుకోలేకపోయావు అని వరసగా అడుగుతుంటే, ఒక్కొక్క మనిషీ ఒక్కొక్క రోజునూ కళ్ళముందు పెట్టాడు. నా రెండేళ్ళ ఫారాల్లో లేని సంగతులు నాలుగు ఆదివారాల్లో తేలాయి. ఎక్కువ జెల్లీ చేపలు పడిన రోజు తరువాతే చేతులు పొంగుతున్నాయన్నది కూడా ఆయన ప్రశ్నల్లోంచే బయటపడింది. ఆ స్వచ్ఛంద సంస్థవారికి తప్పు నాదేనని ఉత్తరం రాశాను. వాళ్ళు మిగిలినవారందరికీ తొడుగులు పంపారు. మొదటి జత నేనే తీసుకెళ్ళి ఎర్రమ్మ అల్లుడి చేతికిచ్చాను. వేసుకుని వేళ్ళు ఆడించి, కొంచెం బిగుతుగా ఉన్నాయన్నాడు. ఆ ఫిర్యాదు నాకు సన్మానపత్రం కంటే బాగుంది.

ఇక సవరణ అచ్చువేయాలి. హెడ్ మేడమ్ దగ్గరకు వెళ్ళాను. ప్రమోషన్ దరఖాస్తు ఆ నెలలోనే ఉంది. సవరణ వేస్తే అది ఆగుతుంది, అది ఆమెకూ తెలుసు. కోప్పడతారనుకున్నాను. ఆమె కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, తన తొలి వ్యాసంలో రోగుల ఎడమచేయి కుడిచేయి తారుమారయ్యాయనీ, అది ఇప్పటికీ అలాగే ఉందనీ, ఎవరూ చదవలేదు కాబట్టి బతికిపోయాననీ చెప్పారు. నిన్ను చదివారు, నీ ఖర్మ, రాయి అన్నారు.

దరఖాస్తు వెనక్కి తీసుకున్నాను. సవరణతోపాటు కొత్త వివరాలన్నీ కలిపి ఒక చిన్న వ్యాసం రాశాను. ఆ సంగతి చెప్పడానికి ఇంటికి వెళితే, సభ రోజు నుంచి ముక్తసరిగా మాట్లాడుతున్న నాన్న అంతా విని, వాళ్ళందరూ నన్ను ఖండించడానికే ఉటంకించారా అని నిదానంగా అడిగారు. అవునన్నాను.

"అయితే నువ్వు పూర్వపక్షానివన్నమాట" అన్నారు. ఆయన మొహం ఒక్కసారి విప్పారింది. "మన శాస్త్రగ్రంథాల్లో ముందు పూర్వపక్షం చెప్పి, దాన్ని కొట్టేసి, ఆపైన సిద్ధాంతం చెబుతారు తల్లీ. పూర్వపక్షం చేసినవాడు లేకపోతే సిద్ధాంతానికి చోటేదీ?"

ఆ మర్నాటి నడకలో మిత్రబృందానికి, తన కూతురు నలభై ఒక్క దేశాలకు పూర్వపక్షమని ఆయన చెప్పుకొచ్చారట. దేశాలు అన్న మాటను ఈసారి నేను సవరించలేదు.

ఇది జరిగి తొమ్మిదేళ్ళయింది. ఆ ప్రమోషన్ రెండేళ్ళు ఆలస్యంగా వచ్చింది. ఆ పడవలు, ఎండబెట్టిన చేపల వాసన, గుమ్మాల్లో అరచేతులు చాపి కూర్చున్న ఆ మనుషులు, ఆ నాలుగు ఆదివారాలు తలుచుకుంటే నా ఉద్యోగంలో నిజంగా పనిచేసిన రోజులు అవేననిపిస్తుంది. ఇప్పుడు నా పేరు మీద పాతిక పైన వ్యాసాలున్నాయి. వాటిలో చాలావాటిని ఎందుకు రాశానో నాకే గుర్తులేదు.

ఆ సవరణ వ్యాసానికి రెండో రచయితగా సోమయ్య పేరు పెట్టాను. పత్రికవారు ఆయన విద్యార్హత అడిగారు. ఆయన్ను అడిగితే మూడో తరగతి అన్నాడు, అలాగే రాశాను. వాళ్ళు ఏమనుకున్నారో ఏమోగానీ అచ్చువేశారు. ఆ వ్యాసాన్ని జనం నిజంగా చదివారు, నమ్మారు, వాడుకున్నారు. మొన్న మా విభాగంలో అందరి ప్రచురణల లెక్కా తీయాల్సి వచ్చి, సరదాకి సోమయ్యది కూడా తీశాను. ఆయన రాసింది ఒకటే వ్యాసం. ఒక్కో వ్యాసానికి ఎన్ని సైటేషన్లని సగటు కడితే నేను ఆయనకు అయిదోవంతు లేను. హెడ్ మేడమ్ రిటైరయ్యే నాటికి ఏడోవంతులో ఆగిపోయారు. ఈ మాట చెబుదామని ఫోన్ చేస్తే ఎర్రమ్మ ఎత్తింది. అంతా విని, లోపలికి తిరిగి భర్తతో అంది. "మావా, డాక్టర్లందరికన్నా నువ్వే ఎక్కువంట. ఇంకోటి రాస్తావేటని అడుగుతన్నాది."

లోపల నుంచి జవాబు వినబడింది. "ఒకటి సాలు. ఎక్కువ రాస్తే తప్పులొస్తాయి."

కాబట్టి చదువరులారా, ఆ హాలు మూలనున్న నాలుగు వీణల సాక్షిగా, నా వ్యాసాన్ని ఎవరైనా ప్రస్తావిస్తే ముందు ఏమన్నారో చదువుతాననీ, చదివిన తరువాతే కోవా కొంటాననీ, కోవా కొనేముందు ఒకసారి సోమయ్యకు ఫోన్ చేసి అడుగుతాననీ ఆనాడే ప్రమాణం చేశానని ఇందుమూలంగా తెలియజేస్తున్నాను. తొమ్మిదేళ్ళుగా నిష్ఠగా పాటిస్తున్నాను. ఫోన్ చేసిన ప్రతిసారీ సోమయ్య ఇంకోసారి చదవమంటాడు, తొమ్మిదేళ్ళుగా మా విభాగంలో ఎవరూ కోవా తినలేదు.